తేనెటీగల పెట్టెలు మార్చాలి: లంక తోటా, కోకో తోటా, చెరువు గట్టా?

వైనతేయ_ఒడ్డు
మాది పి.గన్నవరం పక్కన. ఇంటి వెనక పెరట్లో 20 ఇటాలియన్ తేనెటీగల పెట్టెలు ఉన్నాయి. ఇన్నాళ్లూ ఇబ్బంది లేదు. ఈ వేసవిలో పక్కింటివాళ్లు గేదెల పాకని మా గోడవైపుకి మార్చుకున్నారు. మొన్న ఈగలు గేదెని కుట్టేస్తే కట్టు తెంపుకుని పరుగెత్తింది. మాటా మాటా పెరగకముందే పెట్టెలు తీసేస్తానని చెప్పాను. పాలు అమ్ముకుని బతికే ఇల్లు, వాళ్ల బాధ వాళ్లది.

ఇప్పుడు మూడు చోట్లు దొరికాయి.

మా బావమరిది లంక తోట ఒకటి. గోదావరి ఏటిగట్టు లోపల, నది వైపు ఉంది. కొబ్బరి, అరటి, కూరగాయలు, పూతకి లోటు లేదు. మా ఇంటికి 2 కిలోమీటర్లే. రెండోది అంబాజీపేట వైపు తెలిసినవాళ్ల కొబ్బరి తోట, లోపల కోకో వేశారు, తూర్పు హద్దు అవతల వరి చేలు. మూడోది ఉప్పలగుప్తం అవతల మా పెదనాన్నగారి స్థలం. చుట్టూ రొయ్యల చెరువులు, కాస్త దూరంలో మడ అడవి.

నా మనసు లంక మీదే ఉంది. జూన్ వచ్చేస్తోంది, త్వరగా తేల్చుకోవాలి. మీరైతే ఎక్కడ పెడతారు?

లంక_మామయ్య
లంక వద్దు.

తేనెపట్టు_సత్తి
మామయ్యగారు ఒక్క ముక్కలో తేల్చేశారు :) నేనైతే "ఇప్పుడు వద్దు" అంటాను. సంక్రాంతి తర్వాత లంకని మించిన చోటు డెల్టాలో లేదు.

వైనతేయ_ఒడ్డు
మామయ్యగారూ, స్టాండ్లు ఎత్తుగా వేస్తే? నడుమెత్తు సిమెంటు స్తంభాలు దింపుదామనుకుంటున్నా.

లంక_మామయ్య
నేను లంకలోనే పుట్టాను బాబూ, అందుకే చెబుతున్నా. ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర గోదావరి నీటిమట్టం 11.75 అడుగులకి వస్తే మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. మూడో హెచ్చరిక దాకా ఎందుకు, రెండోదానికే చాలా లంకల్లో నడవలేం. 1986 ఆగస్టు వరద మా తరం మర్చిపోలేదు. అప్పట్నుంచీ ఆగస్టు అంటేనే భయపడేవాళ్లం. 2022లో జూలైలోనే 25 లక్షల క్యూసెక్కులు దాటి వచ్చింది. నెల చూసి ధైర్యం తెచ్చుకోవడం అప్పటితో పోయింది.

నడుమెత్తు స్తంభం అన్నావు. పెట్టె మునగలేదే అనుకుందాం. నీళ్లు దిగాక ఏముంటుంది? అరటి పడిపోతుంది, కూరగాయ పాదులు కుళ్లిపోతాయి, నేలంతా ఒండ్రు. వారాల తరబడి పువ్వనేది ఉండదు. పడవ మీద రోజూ పంచదార పాకం మోసుకెళ్తావా? ఆ రోజుల్లో ముందు మనుషులకీ గొడ్లకీ పడవ దొరకాలి. ఈగల పెట్టెలకి ఎవరూ ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా.

తేనెపట్టు_సత్తి
ఈ రెండో ముక్క అందరూ మర్చిపోతారు. పెట్టె మునుగుతుందా లేదా అని చూస్తారు గానీ, వరద తర్వాత మేత గురించి ఆలోచించరు.

చెరువు_గట్టు
మాది ఉప్పలగుప్తం మండలమే, రొయ్యలు వేస్తాం. మూడో చోటు గురించి రెండు మాటలు. రాత్రంతా చెరువుల దగ్గర లైట్లు వెలుగుతాయి. మా కాపలా షెడ్డు బల్బు కింద పొద్దున్నే చచ్చిన తేనెటీగలు కనబడుతుంటాయి. పక్కన ఎవరో పెట్టెలు పెట్టినప్పటి సంగతి ఇది. ఇంకోటి, చెరువు నీళ్లలో బ్లీచింగ్, మందులు కలుపుతాం. ఈగలు ఆ నీళ్లు తాగుతాయా?

తేనెపట్టు_సత్తి
తాగుతాయి. కొంచెం ఉప్పదనం ఉన్న నీళ్లంటే వాటికి ఇష్టం కూడా. మంచినీళ్లు దగ్గర్లో ఉన్నా అటే పోతాయి ఒక్కోసారి. లైట్ల సంగతి నిజం. పెట్టె ద్వారం లైటుకి ఎదురుగా ఉంటే, ఉక్కపోతకి బయట గుంపుగా వేలాడే ఈగలు అటు లేచిపోతాయి. మూతి ఇంకోవైపు తిప్పితే కొంత తగ్గుతుంది.

వైనతేయ_ఒడ్డు
మడ అడవి ఉంది కదా అని ఆశపడ్డాను. కోరింగ వైపు మడ పూత మీద తేనె వస్తుందని విన్నా.

తేనెపట్టు_సత్తి
మడ పూత మంచిదే, తిల్ల చెట్టుకి కూడా ఈగలు బాగా వెళ్తాయి. కానీ అది ఏడాదిలో కొద్ది రోజుల పండగ. మిగతా రోజుల్లో ఆ చెరువుల మధ్య ఏం తింటాయి? గట్ల మీద కొబ్బరి మొక్కలు తప్ప పచ్చదనమే ఉండదు. ఇటాలియన్ ఈగ 2, 3 కిలోమీటర్లు తిరుగుతుంది. ఆ మేరలో సగం నీళ్లయితే సగం మేత పోయినట్టే. పూతప్పుడు నాలుగు పెట్టెలు తీసుకెళ్లి తెచ్చుకోండి, కాపురం అక్కడ పెట్టకండి.

కోకో_కాంతం
ఇక మిగిలింది మా అంబాజీపేటే కదా. రండి రండి.

మా తోటలోనూ కోకో ఉంది, ఆరేళ్లుగా పెట్టెలు పెడుతున్నా. ఒక్క సంగతి ముందే చెబుతా. కోకో మీద తేనె వస్తుందని ఆశ పెట్టుకోకండి. ఆ పువ్వుని చూసుకునేవి వేరే చిన్న దోమలు, తేనెటీగలకి దానితో పని లేదు. మీకు ఆధారం పైనున్న కొబ్బరే. ఏడాది పొడుగునా గెల తర్వాత గెల విచ్చుకుంటూనే ఉంటుంది కాబట్టి పుప్పొడికి లోటుండదు.

ఇంకోటి, కోకో గుబురు కింద చీకటి, చెమ్మ. అక్కడ పెడితే ఈగలు ఎండెక్కాక గానీ బయటికి రావు. బలం తగ్గిన పెట్టెకి మైనపు పురుగు పట్టేస్తుంది. తోట నడిమధ్యకి వెళ్లకుండా తూర్పు అంచున పెట్టుకోండి. పొద్దుటెండ తగలాలి, మధ్యాహ్నం నీడ పడాలి.

డెల్టా_మందులు
కాంతం గారూ, తూర్పు అంచు అంటే వరి చేల పక్కకి కదండీ! ఆయన మొదటి పోస్టులోనే రాశారు.

నాది ఎరువులు, పురుగుమందుల షాపు. వానాకాలం పంట సార్వాలో సెప్టెంబరు, అక్టోబరు, రెండో పంట దాళ్వాలో మార్చి, ఈ రోజుల్లో దోమపోటు కనబడితే ఊరంతా ఒకేసారి కొడతారు. ఇమిడాక్లోప్రిడ్, థయామెథాక్సామ్, ఫిప్రోనిల్, క్లోరిపైరిఫాస్, ఇవన్నీ తేనెటీగకి విషమే. వరి పొద్దున పూస్తుంది, పుప్పొడి కోసం ఈగలు వెళ్తాయి. వెళ్లకపోయినా గాలికి మందు పెట్టెల మీదకే వస్తుంది. ఇప్పుడు డ్రోన్లతో కూడా కొడుతున్నారు.

కోకో_కాంతం
మాకు తూర్పున చేలు లేవు, మా అన్నయ్యగారి అరటి తోట ఉంది. అందుకే అలవాటుగా అన్నాను. అయితే ఆయన పడమటి అంచు చూసుకోవాలి. అక్కడ పొద్దుటెండ పడాలంటే ముందువరస కోకో కొమ్మలు కత్తిరించమని అడగాలి. ఎలాగూ కత్తిరింపులు చేస్తారు, కాదనరు.

పుట్టతేనె_వీర
పడమటి అంచుకి మార్చినంత మాత్రాన ఏమవుతుంది? రెండు కిలోమీటర్లు ఎగిరే ఈగకి తోట వెడల్పు ఒక లెక్కా? చేలో కొడితే ఎక్కడున్నా పోతాయి. నేను అందుకే ఇటాలియన్ మానేసి మన నాటు రకం పుట్టతేనె ఈగలే పెట్టా. కిలోమీటరు లోపే తిరుగుతాయి, పెట్టె పెట్టెకీ వేరే తోట. పది తోటల్లో పది పెట్టెలు. ఒకచోట దెబ్బ తగిలినా తొమ్మిది మిగులుతాయి.

తేనెపట్టు_సత్తి
వీరా, తేనె ఎంత తీస్తావో కూడా చెప్పు మరి :)

పుట్టతేనె_వీర
తక్కువే అన్నా. నీ ఇటాలియన్ పెట్టెలో నాలుగో వంతు కూడా రాదు. కానీ కొనేవాళ్లు ఇంటికొచ్చి తీసుకెళ్తారు.

లంక_మామయ్య
ఆ ఈగకీ ఓ గండం వచ్చింది. 1991-92లో థాయ్ శాక్‌బ్రూడ్ రోగం కేరళలో మొదలై దక్షిణాదిలో పుట్టతేనె పెట్టెల్ని ఖాళీ చేసేసింది. పిల్లపురుగులు సంచిలా ఉబ్బి చచ్చేవి. ఏ జాతినీ నమ్ముకుని నిశ్చింతగా పడుకోలేం.

డెల్టా_మందులు
వీర గారి ప్రశ్న సరైనదే. ఎగిరే దూరం లెక్కేస్తే తూర్పైనా పడమరైనా ఒకటే. కానీ రెండు తేడాలున్నాయి. గాలికి కొట్టుకొచ్చే మందు నేరుగా పెట్టె మీద పడటం వేరు, మేతకెళ్లిన ఈగ అక్కడే చనిపోవడం వేరు. మొదటిదానిలో పిల్లగది, రాణి సహా మొత్తం పోవచ్చు. రెండోదానిలో మేత ఈగలు పోతాయి, పెట్టె మళ్లీ కోలుకునే అవకాశం ఉంటుంది.

ఇక నేను చేసేది చెబుతాను. షాపుకొచ్చే రైతుల్లో ఎవరి పొలం పక్కన పెట్టెలు ఉన్నాయో నాకు తెలుసు. వాళ్లకి పైమెట్రోజిన్ లాంటివి ఇస్తాను, దానితో ఈగలకి ముప్పు చాలా తక్కువ. సాయంత్రం 5 దాటాక కొట్టమంటాను. ఆ రైతుకీ నష్టం లేదు. మీరు అక్కడికి వెళ్లగానే చేసే మొదటి పని, ఆ తూర్పు చేల కౌలుదారు ఎవరో కనుక్కోవడం. భూమి ఆసామి ఎక్కడో హైదరాబాదులో ఉంటాడు, మందు కొట్టేది కౌలుదారు. ఆయన ఫోన్ నంబరు తీసుకోండి, ఒక సీసా తేనె ఇవ్వండి. "కొట్టే ముందురోజు ఒక్క ఫోన్ చెయ్యి బాబాయ్" అంటే ఎవరూ కాదనరు.

వైనతేయ_ఒడ్డు
ఫోన్ వస్తే ఏం చేయాలి? పెట్టెలు మూసెయ్యాలా?

తేనెపట్టు_సత్తి
మన ఉక్కకి చెక్కపెట్టి బిగించారంటే మధ్యాహ్నానికి లోపల ఉడికిపోతాయి. ముందురోజు చీకటి పడ్డాక ద్వారానికి ఇనుప జాలీ కొట్టండి. పైమూత తీసి దాని బదులు జాలీ మూత పెట్టి, పైన తడి గోనెసంచి పరచండి. తేనె గది ఖాళీది ఒకటి ఎక్కిస్తే ఈగలు పైకెక్కి ఊపిరి పీల్చుకుంటాయి. ఒక పూట, మహా అయితే ఒక రోజు. అంతకంటే ఎక్కువ మూయొద్దు.

మెట్టపిల్ల
మాది ప్రత్తిపాడు వైపు మెట్ట. డెల్టా వాళ్లు జనవరి, ఫిబ్రవరిలో పెట్టెలు మా జీడిమామిడి తోటలకి తెచ్చేవాళ్లు. మేమూ జీడిమామిడికి మందు కొడతాం, తేయాకు దోమకి. వచ్చేముందు మమ్మల్నీ అడగండి :)

కొత్తగా_చేరా
కొబ్బరి తోటలో పెట్టెలు అంటున్నారు, కాయలు పడవా నెత్తిమీద? అదే, పెట్టెల మీద.

కోకో_కాంతం
పడతాయి! కాయకంటే మట్టతో ప్రమాదం ఎక్కువ. కాయ చెట్టు మొదలుకి దగ్గరగా పడుతుంది, మట్ట ఎటైనా వాలుతుంది. ఎండుమట్ట మొదలు తగిలి మూత పగిలి, ఆ రాత్రే వానొస్తే ఇక చెప్పక్కర్లేదు. నాలుగు చెట్ల మధ్య సరిగ్గా నడిమధ్య పెట్టుకోండి, మీద ఎండుమట్టలు వేలాడుతుంటే ముందే లాగించేయండి. ఇంకా నయం, తోటల్లో చచ్చిన చెట్టు తీసేసి కొత్త మొక్క నాటిన జాగాలు ఉంటాయి. ఆ మొక్క ఎదిగేదాకా పైన ఆకాశమే. పెట్టెలకి అంతకంటే మంచి చోటు లేదు.

ఇంతకంటే ముఖ్యం దింపు, అదే, చెట్టెక్కి కాయలు కోయడం. మా తోటల్లో నెలన్నర, రెండు నెలలకోసారి దింపు ఉంటుంది. చెట్టెక్కినవాణ్ణి పైన ఈగ కుడితే ఏమవుతుందో ఆలోచించండి. చేతులు వదల్లేడు. దింపువాళ్లు ఒక్కసారి భయపడితే ఆ తోటకి రారు, అప్పుడు తోట ఆసామి మీ పెట్టెలు తీసేయమంటాడు. ఆయన్నేం అనగలం? దింపు రోజు తెల్లవారకముందే జాలీలు కొట్టేయండి. పెట్టెల చుట్టూ ఉన్న చెట్లు ముందు దింపించి, ఆ కాయలు పోగేశాక తెరవండి.

లంక_మామయ్య
కాంతమ్మ చెప్పినది బంగారం. కల్లు గీసే చెట్లు ఉన్నాయేమో కూడా చూసుకో. ముంతల్లో ఈగలు పడి చస్తాయి, గీతకార్మికుడికీ కల్లు పాడు. బెల్లం బట్టీ దగ్గరైనా అంతే, పాకంలో పడతాయి.

కడియం_పూలు
మా నర్సరీల వైపు తీసుకురావచ్చు కదా, ఏడాదంతా పూలే.

డెల్టా_మందులు
నర్సరీలో మందు కూడా ఏడాదంతా కొడతారు కదా అన్నా.

కడియం_పూలు
అదీ నిజమే. నేనొక్కణ్ణి మానేస్తే పక్కోడు కొడతాడు.

వైనతేయ_ఒడ్డు
అంబాజీపేటకే మనసు మళ్లింది. తోట ఆసామి పెట్టెలు పెడితే కొబ్బరికి నష్టమేమో, ఈగలు పువ్వులోని సారం లాగేస్తాయేమో అని అడుగుతున్నారు. ఏం చెప్పాలి?

కోకో_కాంతం
మా అత్తగారు కూడా అదే అన్నారు మొదట్లో. పొడుగు రకం కొబ్బరిలో ఒక గెలలో మగపూలు ముందు విచ్చుకుని రాలిపోతాయి, ఆ తర్వాత గానీ ఆడపూలు సిద్ధం కావు. అందుకని పుప్పొడి ఇంకో చెట్టు నుంచి రావాలి. గాలి తెచ్చేది కొంత, ఈగ తెచ్చేది కొంత. ఈగ వల్ల పిందె నిలబడుతుంది తప్ప పోదు. ఇది చెప్పి, నమ్మకపోతే అంబాజీపేటలోనే కొబ్బరి పరిశోధన కేంద్రం ఉంది, వెళ్లి అడగమనండి.

తేనెపట్టు_సత్తి
చోటు తేలింది కాబట్టి సర్దుకోవడం గురించి.

నీళ్లు ముందు. కాలువలు కట్టేసిన రోజులివి, జూన్‌లో వదిలేదాకా బోదెలు ఎండిపోయి ఉంటాయి. ఈగలు ఒకసారి ఒక నీటిచోటు అలవాటు చేసుకుంటే మార్చుకోవు. కాబట్టి పెట్టెలు దిగిన రోజే వెడల్పాటి మట్టితొట్టిలో నీళ్లు పోసి, కొబ్బరి డొక్కలు తేలేయండి. వాటిమీద వాలి తాగుతాయి. తొట్టి పెట్టెల ఎదురుగా వద్దు, ఎగిరేటప్పుడు రెట్టలు అందులోనే పడతాయి. పక్కకి పెట్టండి. నాలుగు రోజులు ఎండితే చాలు, ఎవరింటి కుళాయి దగ్గరకో పోతాయి.

స్టాండు అడుగున్నర చాలు. వరదకి స్టాండు ఎత్తుగా ఉండాలి, తుఫానుకి పొట్టిగా ఉండాలి. గట్టు బయట తోట కాబట్టి నేను గాలికే ఎక్కువ భయపడతాను. 1996 నవంబరులో కోనసీమ తోటలు ఎలా పడిపోయాయో చూసినవాళ్లం. 2018 డిసెంబరులో పెథాయ్ తుఫాను కూడా కాట్రేనికోన దగ్గరే ఒడ్డెక్కింది. అక్టోబరు రాగానే పెట్టెని స్టాండుతో కలిపి నైలాన్ తాడుతో కట్టి, నేలలో మేకు దిగేయండి. వాన నీరు లోపలికి పోకుండా పెట్టె ముందువైపు పిసరంత వాలు ఉండాలి.

పెట్టెకి పెట్టెకి 3 అడుగులు, వరసకి వరసకి 10 అడుగులు. మూతులు తూర్పుకి గానీ ఆగ్నేయానికి గానీ. అన్నీ ఒకేలా ఉంటే ఈగలు పక్కపెట్టెలో దూరిపోతాయి, మూతుల దగ్గర వేరువేరు రంగులు పూయండి.

కొత్తగా_చేరా
చీమలకి?

పుట్టతేనె_వీర
స్టాండు కాళ్ల కింద గిన్నెల్లో నీళ్లు. ఎండాకాలం రోజూ పోయాలి. పాడైన ఇంజన్ ఆయిల్ అయితే ఆరదు. గడ్డి ఎదిగి పెట్టెకి తగిలిందంటే చీమకి అదే వంతెన, గిన్నెలన్నీ దండగ. కోకో కొమ్మలు కూడా తగలనివ్వొద్దు, గూళ్లు కట్టే ఎర్రచీమలు పైనుంచి దిగుతాయి.

లంక_మామయ్య
ఇంజన్ ఆయిల్ పోస్తే పైన రేకు కప్పండి. వాన పడి పొంగి తోట నేలలోకి పోతే ఆసామి ఊరుకోడు.

వైనతేయ_ఒడ్డు
తరలించేది ఎలా? టాటా ఏస్ మాట్లాడాను.

తేనెపట్టు_సత్తి
తేనె ఉన్న చట్రాలు రెండు రోజుల ముందే తీసేయండి. ఎండకి మెత్తబడ్డ పట్టు దారి కుదుపుకి తెగిందంటే తేనెలో ఈగలు మునిగిపోతాయి. చీకటిపడి ఈగలన్నీ లోపలికొచ్చాక జాలీ కొట్టండి. బండిలో చట్రాలు బండి పొడుగు వైపుకే ఉండాలి, అడ్డంగా ఉంటే బ్రేకు వేసినప్పుడల్లా ఒకదానికొకటి కొట్టుకుంటాయి. దించాక అరగంట ఆగి జాలీలు తీయండి, తెల్లారేదాకా ఉంచకండి. మొదటి వారం ద్వారం సన్నగా ఉంచండి, లేకపోతే బలమైన పెట్టె బలహీనమైనదాన్ని దోచేస్తుంది.

5 కిలోమీటర్లు దాటితే పాతచోటికి తిరిగిరావు. మీకు ఆ దూరం ఉంది. అదే లంకకి 2 కిలోమీటర్లే అన్నారు కదా, నేరుగా మార్చి ఉంటే సగం ఈగలు మళ్లీ ఆ గేదెల పాక దగ్గరే తిరిగేవి.

వైనతేయ_ఒడ్డు
ఈ దూరం సంగతి నా లెక్కలోనే లేదు. మంచి మాట చెప్పారు.

కొత్తగా_చేరా
సబ్సిడీ ఏమైనా వస్తుందా ఇలాంటివాటికి?

మెట్టపిల్ల
కేంద్రం పథకం నేషనల్ బీకీపింగ్ అండ్ హనీ మిషన్ ఉంది. దానికైనా దేనికైనా ముందు మధుక్రాంతి పోర్టల్‌లో పేరు నమోదు చేసుకోండి. పెట్టెలు ఊరు దాటించేటప్పుడు ఎవరైనా ఆపి అడిగినా ఆ కాగితం చూపించొచ్చు. మిగతాది మీ మండలం ఉద్యాన అధికారిని అడగండి.

వైనతేయ_ఒడ్డు
ఇవాళ అంబాజీపేట వెళ్లి చూసొచ్చాను. కాంతం గారన్నట్టే పడమర వైపు చచ్చిన చెట్లు తీసేసిన జాగా ఉంది, కొత్త మొక్కలు మోకాలెత్తు ఉన్నాయి. 20 పెట్టెలు పడతాయి. ఆసామి కోకో కొమ్మలు కొట్టిస్తానన్నారు. దింపు మేస్త్రీతో మాట్లాడాను, ముందురోజు ఫోన్ చేస్తే చాలన్నాడు. కౌలుదారు మాత్రం దొరకలేదు, ఊరెళ్లాడట. ఆయనతో మాట్లాడాకే బండి కడతాను. ఆయన్ని కలవకుండా పెట్టెలు దింపే ధైర్యం నాకు లేదు.

వానల్లో ఆ తోటలో పాకం పోయాల్సి వస్తుందా?

కోకో_కాంతం
పోయాలి. జూలై నుంచి సెప్టెంబరు దాకా పుప్పొడి ఉంటుంది గానీ మకరందం వానకి కడుక్కుపోతుంది. పంచదార, నీళ్లు సమపాళ్లలో. సాయంత్రం పూట, అన్ని పెట్టెలకీ ఒకేసారి, కింద చుక్క ఒలకకుండా.

డెల్టా_మందులు
కౌలుదారు మందులు ఏ షాపులో కొంటాడో కూడా అడగండి. ఆ షాపాయనకి కూడా ఓ మాట చెబితే పని సగం అయినట్టే.

వైనతేయ_ఒడ్డు
అలాగేనండి. మామయ్యగారూ, వరదలు పోయాక లంకకి ఎప్పుడు తేవచ్చు?

లంక_మామయ్య
సంక్రాంతికి నువ్వులు చల్లుతారు, ఫిబ్రవరి నెలాఖరుకి పూతకొస్తుంది. మొక్కజొన్న పుప్పొడి అంతకుముందే దొరుకుతుంది. అంబాజీపేట నుంచి వస్తావు కాబట్టి దూరం బాధా లేదు. పది పెట్టెలు తే, పది అక్కడే ఉంచు. నువ్వుచేను ఎక్కడ వేస్తున్నాడో మీ బావమరిదిని డిసెంబరులోనే అడుగు. ఏప్రిల్ వెళ్లేసరికి మళ్లీ గట్టు దాటించేసేయ్.